గోడ మీద కట్టిన ఇల్లు: సవరల చిత్రకళ - ఒక పరిశీలన

కొన్ని మాటలు ఎక్కువమంది నోళ్లలో పడి అరిగిపోతాయి. 'మానవ సమైక్యత', 'ప్రకృతితో సామరస్యం' అలాంటివే. పర్యావరణ దినోత్సవానికి వేసే గోడపత్రికలో ఒక చెట్టు, దాని చుట్టూ చేతులు పట్టుకున్న పిల్లలు, పైన ఒక పావురం కనిపిస్తే చాలు, ఆ బొమ్మ రెండు ఆదర్శాలనూ చాటుతోందని ఒప్పేసుకుంటాం. కవిసమ్మేళనాల్లో ఆ సందర్భానికి చదివే గేయాల సంగతీ ఇంతే. వీటి వెనక సదుద్దేశం లేదని ఎవరూ అనరు. కాని వీటిలో మనిషి దేన్నీ వదులుకోడు, ఎవరికీ జవాబు చెప్పుకోడు. చెట్టు హాయిగా నిలబడుతుంది, పిల్లలు హాయిగా నవ్వుతారు, చూసినవాడు హాయిగా ఇంటికి పోతాడు. చెట్టుకూ మనిషికీ మధ్య నిజంగా నడిచే వ్యవహారం - నరకడం, పోడు కాల్చడం, పండు కోసుకోవడం, కలప అమ్ముకోవడం, చివరికి ఆ కట్టెల మీదే కాలిపోవడం - ఏదీ ఆ బొమ్మలోకి రాదు.

కాబట్టి ఇటువంటి కళను తూచడానికి రెండు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఈ బొమ్మ ఎవరికి చోటిచ్చింది? ఆ చోటు ఇవ్వడానికి ఇంటివాళ్లకు ఏం ఖర్చయింది? ఈ రెండు ప్రశ్నలకూ గట్టిగా నిలబడే చిత్రకళ ఒకటి మన ఇరుగుపొరుగులోనే ఉంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి సంతరోజు కొండ దిగివచ్చే సవరలు కొత్తవాళ్లు కారు. గజపతి, రాయగడ జిల్లాల కొండల్లోనూ, ఇటు సీతంపేట కొండల్లోనూ ఉన్న ఆ జనం తమ ఇళ్ల లోపలి గోడల మీద వేసుకున్న బొమ్మల గురించే ఈ వ్యాసం. ఒడియా వారు 'సౌరా చిత్రం' అంటారు. సవరలు 'ఇడితాల్' అంటారు. రాయడానికీ గోడకూ చెందిన మాటలు రెండూ కలిసి ఏర్పడ్డ పేరు అది. అంటే వారి లెక్కన ఇది గోడరాత.

ఈ బొమ్మల గురించి మొదట విపులంగా రాసినవాడు వెరియర్ ఎల్విన్. 1951లో వచ్చిన 'ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా'లోనూ, 1955లో వచ్చిన 'ది రెలిజియన్ ఆఫ్ యాన్ ఇండియన్ ట్రైబ్'లోనూ ఆయన ఇచ్చిన వివరాలు ఇప్పటికీ ఆధారమే. ఆయన చెప్పిన క్రమం స్థూలంగా ఇది. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, లేదా పంట పాడవుతుంది, లేదా కలలో ఎవరో కనిపించి తమకు ఇల్లు కావాలంటారు. పూనకం వచ్చే పూజారి ఆ వచ్చినది ఎవరో తేలుస్తాడు. చనిపోయిన మేనమామ కావచ్చు, కొండ మీద ఉండే శక్తి కావచ్చు. అప్పుడు బొమ్మ వేసే మనిషిని పిలుస్తారు. ఎల్విన్ అతన్ని 'ఇట్టల్‌మరన్' అని రాశాడు. గోడను ఎర్రమట్టి నీళ్లతో అలుకుతారు. బియ్యప్పిండి నీళ్లలో కలిపి, కొస చితక్కొట్టిన పుల్లతో తెల్లటి గీతలు గీస్తారు. ముందు నాలుగువైపులా అంచు కడతారు, తరవాత లోపల నింపుకుంటూ వస్తారు. బొమ్మ పూర్తయ్యాక దాని ముందు కుండ వేలాడదీసి, అన్నమూ సారా పెట్టి, పిలవవలసినవారిని పిలుస్తారు.

ఇక్కడ ఒక విశేషం ఉంది. అలా పిలిచినప్పుడు వచ్చినవారు పూజారి నోటితో ఆ బొమ్మను పరిశీలిస్తారట. ఫలానాది ఏదీ, ఇది ఎందుకు వెయ్యలేదు అని అడుగుతారు. చిత్రకారుడు మళ్లీ పుల్ల అందుకుని ఆ లోటు పూరిస్తాడు. వచ్చినవారికి సరిపడేదాకా బొమ్మ పూర్తయినట్టు కాదు. మన సాహిత్య విమర్శలో రచయిత పెద్దా, పాఠకుడు పెద్దా అని ఎంతకాలంగానో వాదించుకుంటున్నాం. సవరగోడ దగ్గర ఆ వాదానికి తావు లేదు. ఎవరికోసం వేశారో వారే మొదటి విమర్శకులు. వారు మెచ్చకపోతే ఇంట్లో జబ్బు తగ్గదు. ఇంత కఠినమైన విమర్శకు తట్టుకోవలసిన కళలు లోకంలో ఎన్నో లేవు.

ఇక బొమ్మ లోపలికి వెళదాం. ఆ చతురస్రపు అంచు ఇంటి గోడ. లోపల అరలు అరలుగా గీతలు ఉంటాయి. పైన ఒక మూల సూర్యుడు, ఒక మూల చంద్రుడు. కింద ఏనుగులు, గుర్రాలు, కోతులు, నెమళ్లు, బల్లులు, పాములు. కావిడి మోసే మనుషులు, చేతులు కలిపి ఆడే మనుషులు, కల్లు తీసే మనుషులు, తుపాకీ పట్టినవాళ్లు. తల దువ్వుకునే దువ్వెన కూడా తరచుగా కనిపిస్తుంది, ఎందుకంటే వచ్చే అతిథికి అలంకరణ సామగ్రి ఇవ్వడం మర్యాద. వీటి పక్కనే రైలుబండి, మోటారుకారు, విమానం ఉంటాయి. ఏనుగెక్కిన అధికారి ఉంటాడు. ఎల్విన్ చూసిన రోజులకే ఇవన్నీ గోడెక్కాయి.

పట్నపు కళాభిమానికి ఈ విమానం ఇబ్బందిగా ఉంటుంది. గిరిజన కళ అంటే నెమలీ, చెట్టూ, డప్పూ ఉండాలి గాని యంత్రాలేమిటని అతనికి అనిపిస్తుంది. సవరకు ఆ ఇబ్బంది లేదు. లోకంలో శక్తి గల వస్తువు ఏది కనిపించినా, అది అడవిలో పుట్టినదా కర్మాగారంలో పుట్టినదా అని అతను అడగడు. దానికి బలం ఉంది, బలమున్నదాన్ని వాకిట్లో నిలబెట్టి తలుపు వేసుకోలేం, లోపలికి పిలిచి కూర్చోబెట్టాలి. అడవిలో కట్టె కొట్టనివ్వని గార్డు, పన్ను వసూలుకు వచ్చే దొర కూడా ఈ లెక్కలోనే ఇంట్లోకి వచ్చారు. వాళ్ల మీద ప్రేమ పుట్టి కాదు. వాళ్లు ఉన్నారు కాబట్టి. ఈ కళలోని సమైక్యతలో మొదట గమనించవలసిన సంగతి ఇదే. ఇష్టమైనవాళ్లను మాత్రమే కలుపుకోవడం పెళ్లిపిలుపుల పని. భయపెట్టేవాళ్లనూ బాధపెట్టినవాళ్లనూ కూడా లోకంలో భాగంగా లెక్కించి, గోడ మీద వాళ్లకింత జాగా చూపించడం వేరే పని. దానికి ధైర్యం కావాలి.

రెండో సంగతి చిత్రరచనకు సంబంధించింది. ఈ బొమ్మలో నేపథ్యం లేదు. వెనక కొండలు, ముందు మనుషులు అనే ఏర్పాటు లేదు. చెట్టు ఎంత పాత్రో మనిషీ అంతే పాత్ర. కోతి ఒక అరలో ఉంటే మనిషి పక్క అరలో ఉంటాడు. దగ్గరివి పెద్దవి, దూరానివి చిన్నవి అనే నియమం కూడా లేదు, కాబట్టి 'ఇక్కడినుంచి చూడు' అని చూసేవాడికి ఒక ప్రత్యేకమైన పీట వేయరు. ఎక్కడినుంచి చూసినా గోడంతా ఒకేసారి బతికి ఉంటుంది.

ఈ మాట మన కవిత్వానికి అన్వయించి చూస్తే తేడా తెలుస్తుంది. ప్రబంధకవులకు అష్టాదశ వర్ణనలు ఉండేవి. సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం అన్నీ వరసగా వచ్చేవి. అవి ఎంత అందంగా వచ్చినా కథ ఆగినప్పుడు వచ్చేవి, నాయికా నాయకుల స్థితికి తగినట్టు వచ్చేవి. భావకవిత్వం ప్రకృతిని నాయికకు చెలికత్తె పదవి నుంచి తప్పించి కవి హృదయానికి సహచరిగా చేసింది. అది పెద్ద అడుగే. అయినా అక్కడ ఆకు కదిలితే కవి మనసే కదిలినట్టు, వాన కురిస్తే కవి కన్నీరే కురిసినట్టు. అభ్యుదయకవులు వచ్చాక ఉదయం ఎర్రబడింది, గాలి తుపానయింది, కాని అవి మనిషి చేయబోయే పనికి సంకేతాలుగానే ఉండిపోయాయి. మూడు దశల్లోనూ ప్రకృతి మనిషి తరఫున మాట్లాడింది. తన తరఫున తాను వచ్చి, నాకేదీ అని అడిగిన సందర్భాలు తక్కువ. సవరగోడ మీద అది అడుగుతుంది. అడగడమే కాదు, అడిగింది ఇవ్వకపోతే జ్వరంగా వస్తుంది.

ఎందుకిలా అన్నది తెలియాలంటే చావును గురించి సవరలు ఏమనుకునేవారో తెలియాలి. 1970ల నుంచి వారి మధ్య ఉండి, వారి భాష నేర్చుకుని పరిశోధన చేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ఈ విషయం మీద 1993లో 'డైలాగ్స్ విత్ ది డెడ్' అనే గ్రంథం ప్రచురించాడు. ఆయన వివరించిన దాని ప్రకారం చనిపోయినవారు సవరలకు దూరమైపోరు. పూనకంలో ఉన్న పూజారిణి నోట వచ్చి మాట్లాడతారు. బతికున్నవారు వారితో కన్నీళ్లు పెట్టుకుంటారు, పోట్లాడతారు, లెక్కలు తేల్చుకుంటారు, పరిహాసాలాడతారు. పోయిన తీరునుబట్టి మనిషి 'సోనుం' అనే శక్తుల్లో ఏదో ఒకదానిలో కలుస్తాడు. చిరుత చంపినవాడు చిరుత సోనుంలో కలుస్తాడు. భూమి సోనుంలో కలిసినవారు ఫలానా బండ దగ్గర, ఫలానా ఊట దగ్గర ఉంటారు. మొదట్లో వారు తాము పోయిన జబ్బునే తమవాళ్లకు తెస్తారు. అది పగా అంటే పగా కాదు, ప్రేమా అంటే ప్రేమా కాదు. వదిలి ఉండలేకపోవడం అనాలి. కొన్నేళ్లు మాట్లాడి మాట్లాడి, పెట్టవలసినవి పెట్టాక ఆ బాధ చల్లారి వారు పూర్వీకులవుతారు. పుట్టిన బిడ్డకు తమ పేరు ఇస్తారు. తాము దున్నిన చేనులో పండే గింజకు తమ సత్తువ ఇస్తారు. చివరికి తమను ఎరిగినవారు కూడా పోయాక రెండోసారి చనిపోయి సీతాకోకచిలుకలవుతారు.

ఈ దృష్టితో చూస్తే ఆ కొండ, ఊట, చిరుత, గింజ, సీతాకోకచిలుక అన్నీ ఎవరో ఒకరి మేనత్తలు, తాతలు. 'ప్రకృతితో సామరస్యం' అనే మాట అక్కడ విచిత్రంగా వినిపిస్తుంది, ఎందుకంటే మనిషికీ ప్రకృతికీ మధ్య ఉన్నది చుట్టరికం. చుట్టరికంలో ఎప్పుడూ హాయే ఉండదు. అలకలుంటాయి, అప్పులుంటాయి, పెట్టిపోతలుంటాయి, ఏళ్లతరబడి తెగని తగాదాలుంటాయి. వాటన్నిటి మధ్యా తెగతెంపులు చేసుకోకుండా ఉండడమే చుట్టరికం. సామరస్యానికి ఇంతకంటె నిజాయితీగల నిర్వచనం మరో కళలో దొరకడం కష్టం. గోడపత్రికలోని చెట్టు మనకేమీ కాదు, అందుకే దానితో మనకు పేచీ లేదు.

ఇంతవరకు చెప్పినది విని ఇదంతా మనకు అందని లోకం అనుకోనక్కరలేదు. హోసూరులోనైనా, షోలాపూరులోనైనా, బరంపురంలోనైనా తెలుగు ఇల్లాలు తెల్లవారి వాకిట్లో ముగ్గు వేస్తుంది. సంక్రాంతికి బియ్యప్పిండితోనే వెయ్యాలనే పట్టుదల ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. పిండి ముగ్గు చీమలకు మేత అని మన పెద్దలు చెబుతారు. సవరగోడ మీద గీత గీసినదీ ఆ బియ్యప్పిండితోనే. ఒకటి గడప బయట, ఒకటి ఇంటి లోపల. ఒకటి సాయంత్రానికి చెరిగిపోతుంది, ఒకటి అవసరం తీరేదాకా ఉంటుంది. తిండిగింజలో కొంత తీసి బొమ్మకు ఖర్చుపెట్టడం, ఆ బొమ్మతో ఇంటివాళ్లు కాని ఎవరికో ఒక ముద్ద పెట్టడం - ఈ సంస్కారం రెండిటికీ ఉమ్మడి. పాఠకులు అక్కడినుంచి మొదలుపెడితే సవరగోడ అంత దూరమనిపించదు.

మహారాష్ట్రలోని మన పాఠకులకు ఇదంతా చదువుతుంటే వార్లీ బొమ్మలు గుర్తుకొచ్చి ఉంటాయి. పోలిక నిజమే. పాల్ఘర్ జిల్లాలోని డహాణూ, తలాసరి ప్రాంతాల వార్లీలు కూడా ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితోనే వేస్తారు. రేఖలతో కూడిన మనుషులే. కాని చూపు నిలిపి చూస్తే తేడాలు తెలుస్తాయి. వార్లీ మనిషి మొన దగ్గర కలిసే రెండు త్రిభుజాలు. ఆ మొన చుట్టూ శరీరం తిరుగుతుంది, అందుకే వార్లీ బొమ్మలో కదలిక ఎక్కువ. సవర మనిషి శరీరం సాగి ఉంటుంది, త్రిభుజపు కొసలు అంత పదునుగా ఉండవు, ఆడా మగా తేడా స్పష్టంగా చూపించరు. వార్లీలకు ముఖ్య సందర్భం పెళ్లి. ముత్తయిదువలు పాల్ఘాట్ దేవి చతురస్రం గీయనిదే పెళ్లి జరగదు. సవరలకు ముఖ్య సందర్భం జబ్బు, చావు, కల, పంట. ఒకటి కొత్త బంధుత్వాన్ని కలిపే బొమ్మ, ఒకటి ఉన్న బంధుత్వాన్ని తెగకుండా కాపాడే బొమ్మ. బట్టల దుకాణాల్లో ఒకదాని పేరుతో ఇంకొకటి అమ్ముతున్నారు. ఇది పేరు తప్పు మాత్రమే అయితే సర్దుకోవచ్చు. పెళ్లికీ చావుకీ తేడా తెలియకపోవడం చిన్న సంగతి కాదు.

వార్లీ కళ గోడ దిగి కాగితం మీదికి వచ్చిన కథ కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1970లలో కరువు పనుల కాలంలో భాస్కర్ కులకర్ణి అనే ఆయన ఆ పల్లెలకు వెళ్లి కాగితాలు, రంగులు ఇచ్చి బొమ్మలు వేయించారు. ఆడవాళ్లు పెళ్లిళ్లకే వేసే ఆ బొమ్మను జివ్యా సోమా మశే అనే మనిషి రోజూ చేసే పనిగా పెట్టుకున్నాడు. 1934లో పుట్టి 2018లో పోయిన ఆయనకు 2011లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన వేసిన చేపల వలలు, చీమలబారులు, తార్పా వాద్యగాడి చుట్టూ చుట్టలుగా తిరిగే నాట్యం చూసినవారు మరిచిపోలేరు. ఆ నాట్యంలో వందలమంది ఉన్నా ఏ ఒక్కరూ గుంపులో కరిగిపోరు. ప్రతి కాలూ ఒక అడుగు వేస్తూనే ఉంటుంది. దేవి చతురస్రం లేకపోయినా ఆ బొమ్మల్లో పని ఉంది, కాలం ఉంది, పక్కవాడి చెయ్యి ఉంది. కాబట్టి గోడ దిగినంత మాత్రాన కళ చచ్చిపోతుందనే వాదం నిలవదు. దిగిన తరవాత దానికి పని మిగిలిందా లేదా అన్నదే ప్రశ్న.

సవర చిత్రానికి ఆ ప్రశ్న ఇప్పుడు తప్పించుకోలేని విధంగా ఎదురయింది. విటెబ్‌స్కీ 2017లో ప్రచురించిన 'లివింగ్ వితౌట్ ది డెడ్' అనే రెండో పుస్తకం పేరులోనే సమాధానం సగం ఉంది. ఆయన మొదట చూసిన ఊళ్లలో తరవాతి తరంవారు చాలామంది బాప్టిస్టు క్రైస్తవులయ్యారు, కొందరు హిందూ పద్ధతుల్లోకి వెళ్లారు. చనిపోయినవారితో మాట్లాడడం మానేశారు. వారికి ఇల్లు కట్టే అవసరం పోయింది. గోడలు ఖాళీ అయ్యాయి. అదే కాలంలో ఆ బొమ్మలు చీరల అంచులకూ, హోటలు గోడలకూ, గ్రీటింగు కార్డులకూ ఎక్కాయి. ఇంట్లో ఖాళీ అయిన గోడ బజార్లో నిండిపోయింది.

ఈ స్థితిని చూసి విలపించడం సులభం. ఆ విలాపంలో ఒక మోసం ఉంది. ప్రతి జ్వరానికీ ఒక మేకనో కోడినో బలి ఇవ్వాలంటే అప్పు చేయాల్సిన కుటుంబం ఆ భయాన్నించి బయటపడాలనుకుంటే, మా కళ్లకు విందు కోసం మీరు భయపడుతూనే ఉండండి అని చెప్పే హక్కు మనకెక్కడిది? చదువుకున్న సవర యువకుడు తన తాతలా బతకనంటే అది అతని ఇష్టం. విటెబ్‌స్కీ కూడా ఆ మార్పును నిందించలేదు. పోయిందేమిటో, వచ్చిందేమిటో రెండూ రాశాడు. విమర్శకుడు చేయగలిగింది కూడా అంతే. నమ్మకం ఉంచుకోమని అడగకూడదు, నమ్మకం పోయాక మిగిలిన రూపాన్ని చూసి అదే పూర్వపుదని మెచ్చుకోనూ కూడదు.

అయితే బజారులోకి వచ్చిన బొమ్మల్లో మంచి చెడ్డలు ఎలా తెలుసుకోవడం? ఇక్కడే మొదట వేసుకున్న ప్రశ్నలు పనికివస్తాయి. చీర మీద నిండిన చెట్టులో కొమ్మకొకటి చొప్పున ఒకేలాంటి పిట్టలు అచ్చుగుద్దినట్టు కూర్చుని ఉంటే, అది జాగా నింపడానికి వేసినది. వాటిలో ఏ పిట్టనూ ఎవరూ అడిగి వేయించుకోలేదు. అలా కాకుండా ఒక అరలో అనుకోని వస్తువు - ఒక సెల్‌ఫోను స్తంభం, ఒక మందుల సూది, ఒక బస్సు - కనిపిస్తే ఆగి చూడాలి. చిత్రకారుడు ఇంకా తన లోకంలోని శక్తులను లెక్కపెడుతున్నాడన్నమాట. సంప్రదాయం పాత వస్తువుల్లో లేదు, అలా లెక్కపెట్టడంలో ఉంది. రైలును ఇంట్లోకి పిలిచిన తాతకు, సెల్‌ఫోను స్తంభాన్ని పిలిచిన మనవడు నిజమైన వారసుడు. నెమళ్లను మాత్రమే మళ్లీ మళ్లీ వేసేవాడు కొనేవాడి ఇష్టానికి వారసుడు.

తెలుగు సాహిత్యం సవరలను ఎరగకపోలేదు. శబరి పేరు చెప్పగానే మనకు ఎంగిలి పళ్లు గుర్తొస్తాయి. 1960ల చివర శ్రీకాకుళం గిరిజనోద్యమం వచ్చాక సవరలు, జాతాపులు మన పాటల్లోకి, కథల్లోకి వచ్చారు. 1969లో చంపబడిన సుబ్బారావు పాణిగ్రాహి వారి కష్టాన్ని జముకుల కథగా ఊరూరా వినిపించాడు. ఆ సాహిత్యం చేసిన పని చిన్నది కాదు. కాని భక్తురాలిగా ఒకసారి, పోరాటయోధుడిగా ఒకసారి చూశామే గాని, సవరను కళాకారుడిగా, తనకొక సౌందర్యశాస్త్రం ఉన్న మనిషిగా చూసిన రచన మనకు తక్కువ. జాలీ, గౌరవమూ రెండూ దూరంనుంచి సాధ్యమే. ఒకడి బొమ్మ చదవాలంటే మాత్రం వాడి మాట తెలియాలి.

ఆ మాట తెలుసుకున్న తెలుగువాడు ఒకరున్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు ఉపన్యాసాలన్నీ వ్యావహారిక భాష చుట్టూనే తిరుగుతాయి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఆయన సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే పాఠాలు చెప్పించాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో సవర భాషా వ్యాకరణగ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు ఆయన పేరిట వచ్చాయి. సవర భాష మన ద్రావిడ కుటుంబానిది కాదు, ముండా కుటుంబానిది. ఏ చుట్టరికమూ లేని ఆ భాష కోసం ఆయన జీవితంలో ఎన్నో ఏళ్లు పెట్టారు. ఇంట్లో మాట్లాడే మాటలోనే బిడ్డకు చదువు రావాలన్న సూత్రం ఆయనకు తెలుగు పిల్లవాడి విషయంలోనూ సవర పిల్లవాడి విషయంలోనూ ఒక్కటే. రెండు ఉద్యమాలు కావవి, ఒకే ఉద్యమానికి రెండు వాకిళ్లు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. గిడుగువారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. అదే 1936లో గుణుపురం ప్రాంతంలో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు 'సొరంగ్ సొంపెంగ్' అనే లిపిని తయారుచేశాడు. ఆ అక్షరాలను దేవతలుగా కొలిచే పద్ధతి కూడా దానితోనే పుట్టింది. గోడ మీద బొమ్మను దేవతకు ఇల్లుగా చేసిన జాతి అక్షరాన్ని కూడా దేవతకు ఇల్లుగానే చేసింది. సరిహద్దు రేఖ ఒక తెలుగు పండితుణ్ణి ఊరు కదిలించిన ఏడాదే ఒక సవర తన మాటకు తనే ఒక గూడు కట్టుకున్నాడు. సరిహద్దుకు అవతల మిగిలిపోయిన మనకు ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవలసిన అవసరం ఎక్కువ.

రాష్ట్రం బయట ఉన్న తెలుగువారి పత్రికల్లో మన బడి మూతపడిందని, మన పిల్లలకు అక్షరాలు రావడం లేదని రాసుకుంటూనే ఉంటాం. రాయాలి కూడా. అయితే తన భాషకు చోటు అడిగేవాడు పక్కవాడి భాషకూ బొమ్మకూ ఎంత చోటిచ్చాడన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. గుణుపురం సంతలో సవరలకు ఉప్పూ బట్టా అమ్మిన తెలుగు దుకాణదారుకు బేరానికి సరిపడా సవర మాటలు వచ్చు. అంతకు మించి వచ్చినది గిడుగువారికి. సమైక్యత అనే పెద్ద మాటకు మన పరిధిలో ఉన్న చిన్న అర్థం ఆ 'మించి' అన్న దాంట్లోనే ఉంది.

చేయదగిన పనులు పెద్దవేం కావు. ఆ ప్రాంతాల పాఠకులు ఎవరి ఇంట్లోనైనా పాత ఇడితాల్ మిగిలి ఉంటే, ఇంటివాళ్లు సరేనంటే, వెళ్లి చూడాలి. అది ఎవరికోసం వేశారు, ఎవరు వేశారు, ఏ అరలో ఎవరున్నారు అని ఇంటి పెద్దను అడిగి వారి మాటల్లోనే రాసుకోవాలి. దుకాణంలో కొనేవారు వేసినవారి పేరూ ఊరూ అడగాలి. పేరు అడిగే కొనుగోలుదారులు పదిమంది ఉంటే పేరు రాసే అమ్మకందారు ఒకడు పుడతాడు. మన పత్రికలు ఈ కళను వింతగా కాక, ఒక కావ్యాన్ని చదివినట్టు అర అరగా చదివే వ్యాసాలు వేయాలి.

సవరగోడ మనకు నేర్పేది అందరూ ఒక్కటే అనే నీతి కాదు. అందరూ ఒక్కటి కారని, అయినా ఒకే చూరు కింద అందరికీ అర ఒకటి కావాలని, ఆ అర అడిగే హక్కు చెట్టుకూ చిరుతకూ చచ్చినవాడికీ కూడా ఉందని అది చెబుతుంది. ఆ గోడలు ఒక్కొక్కటే వెలిసిపోతున్నాయి. వాటిని చదివి చెప్పగల పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు.